అప్‌డేట్: హనుమకొండ నుంచి కరీంనగర్‌కు సామాను చేరింది

ఇల్లు మారుతున్నాం, రెండు గదుల సామానుకు టాటా ఏస్ (చిన్న ట్రాలీ బండి) చాలుతుందా, డీసీఎం (అంతకంటే పెద్ద సరుకుల వ్యాను) కావాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చివరికి డీసీఎమ్మే మాట్లాడుకున్నాం. ఏస్ మోసేది సుమారు 750 కిలోలు. బరువు సంగతి అటుంచి, బీరువా, మంచాలు, ఫ్రిజ్ ఎక్కేసరికే తొట్టి నిండిపోయేది. కరీంనగర్‌కు ఖాళీగా తిరిగి వెళ్లే బండి దొరకడంతో కిరాయి బాగా తగ్గింది. అలాంటి బండి చూసుకోమని సలహా ఇచ్చినవారికి దండం!

తాళ్లు, టార్పాలిన్ బండివాళ్లవే. చక్రాల ట్రాలీ మాత్రం అద్దెకు తెచ్చాం. ఇరుకు మెట్ల దగ్గర అది ఉత్త అలంకారం. హమాలీలు బీరువాకు పాత దుప్పటి చుట్టి, తాడు బిగించి, ఒక్కో మెట్టూ దించారు. హుజూరాబాద్ దాటాక వాన. టార్పాలిన్ అంచు లేచి పరుపు మూల తడిసింది, అంతే. దింపుడు కూలి ముందే తేల్చుకున్నాం కాబట్టి పేచీ రాలేదు. ఫ్రిజ్‌ను నిలువుగానే తెచ్చినా, కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేశాం. ఇక గ్యాస్ కనెక్షన్ బదిలీ ఒక్కటే మిగిలింది.