సీనియర్ ఫ్రంట్ ఎండ్ ఇంటర్వ్యూకి డీఎస్ఏ (డేటా స్ట్రక్చర్లు, అల్గారిదమ్‌లు) ముందా, కాంపోనెంట్లు (పేజీలోని విడి భాగాలు) కట్టడం ముందా?

నీలిగువ్వ:
చదివే సమయంలో సగం డీఎస్ఏకే ఇవ్వమని చాలామంది చెబుతున్నారు. నేను ఒప్పుకోను. ఆటోకంప్లీట్ (టైప్ చేస్తుండగానే సూచనలు చూపే పెట్టె) కట్టమన్నప్పుడు తప్పేవాళ్లు అల్గారిదమ్ రానందువల్ల తప్పడం లేదు. "రా" అని కొట్టినప్పటి జవాబు, "రామ" జవాబు కంటే ఆలస్యంగా వస్తే పాత ఫలితాలే తెర మీద మిగిలిపోతాయి. 300 మిల్లీసెకన్ల డిబౌన్స్ (టైపింగ్ ఆగాక కాస్త వేచి రిక్వెస్టు పంపడం) పెట్టినా ఇది పోదు. డిబౌన్స్ రిక్వెస్టులను తగ్గిస్తుందే గానీ అవి తిరిగొచ్చే వరసను సరిచేయదు. కొత్తది పంపేముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో (రిక్వెస్టును మధ్యలో ఆపే బ్రౌజర్ సాధనం) రద్దు చేయాలి. రద్దు వల్ల వచ్చిన ఎర్రర్‌ను యూజర్‌కి చూపకూడదు.

చెట్టుకొమ్మ:
నీలిగువ్వ గారూ, అదంతా నిజమే. కానీ చాలాచోట్ల మొదటి వడపోతే డీఎస్ఏ. అది దాటితేగా ఆటోకంప్లీట్ దాకా వెళ్లేది! పైగా డామ్ (బ్రౌజర్ పేజీని తన దగ్గర ఉంచుకునే రూపం) అంటేనే ట్రీ. డీఎఫ్ఎస్, బీఎఫ్ఎస్ (ట్రీని లోతుగా, పొరలు పొరలుగా వెతికే పద్ధతులు), హ్యాష్ మ్యాప్, స్టాక్ చేతికి అలవాటు కావాలి. డైనమిక్ ప్రోగ్రామింగ్ చివరికి వదిలేయొచ్చు. డీప్ క్లోన్ (ఆబ్జెక్టుకి లోపలివాటితో సహా పూర్తి నకలు తీయడం) రాయమంటే, ఆబ్జెక్టు తనని తానే సూచించుకునే చోట రికర్షన్ (ఫంక్షన్ తననే మళ్లీ పిలుచుకోవడం) ఆగక స్టాక్ నిండిపోతుంది. చూసిన ఆబ్జెక్టులను వీక్‌మ్యాప్‌లో (ఆబ్జెక్టులను కీలుగా పెట్టుకునే పట్టిక) పెట్టుకోవాలని తట్టడం కూడా డీఎస్ఏ చలవే.

నీలిగువ్వ:
ట్రీల వరకు సరేనండి. కానీ ప్రామిస్.ఆల్ (తర్వాత వచ్చే ఫలితాలన్నిటినీ కలిపి ఇచ్చే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) సొంతంగా రాయమంటే? ఫలితాలను పుష్ చేస్తే ముందు పూర్తయింది ముందు చేరి వరస చెడుతుంది. ఇండెక్స్ ప్రకారం పెట్టి, పూర్తయినవాటిని విడిగా లెక్కించాలి. ఖాళీ అర్రే ఇస్తే వెంటనే రిజాల్వ్ (పూర్తి) కావాలి. లేకపోతే ఆ ప్రామిస్ ఎప్పటికీ తేలదు. ఇది జావాస్క్రిప్ట్ పట్టు, పజిళ్లతో రాదు.

మూడోకన్ను:
మీరిద్దరూ కొలతల్ని వదిలేశారు. సీనియర్‌ని అడిగేది "పేజీ ఎందుకు నెమ్మది?" అని. ఎల్‌సీపీ (పేజీలోని పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) 2.5 సెకన్లు, ఐఎన్‌పీ (క్లిక్, ట్యాప్, కీకి పేజీ స్పందించే సమయం) 200 మిల్లీసెకన్లు, సీఎల్ఎస్ (పేజీలోని భాగాలు అనుకోకుండా కదిలే కొలత) 0.1 మించకూడదు. 75వ పర్సెంటైల్ దగ్గర చూడాలి, అంటే 75 శాతం విజిట్లైనా ఈ హద్దుల్లో ఉండాలి. 2024 మార్చిలో ఎఫ్ఐడీ (మొదటి క్లిక్‌కి స్పందన మొదలయ్యేలోపు ఆలస్యం) స్థానంలో ఐఎన్‌పీ వచ్చింది, పాత నోట్సు చదివేవాళ్లు జాగ్రత్త. పేజీ పైభాగంలోని పెద్ద బొమ్మకి లేజీ లోడింగ్ (తెర దగ్గరికి వచ్చేదాకా లోడ్ చేయకపోవడం) పెడితే ఎల్‌సీపీ ఇంకా వెనకబడుతుంది.
ఇంకోటి, ఆటోకంప్లీట్‌లో కీబోర్డు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫోకస్ ఇన్‌పుట్‌లోనే ఉంచి, బాణం కీలు నొక్కినప్పుడు ఆరియా యాక్టివ్‌డిసెండెంట్ (ఇప్పుడు ఏ సూచన మీద ఉన్నామో స్క్రీన్ రీడర్‌కి చెప్పే గుర్తు) మారాలి. ఎస్కేప్ నొక్కితే జాబితా మూసుకోవాలి.

చెట్టుకొమ్మ:
కీబోర్డు మాట ఒప్పుకుంటాను. డీఎస్ఏని మాత్రం వెనక్కి నెట్టను. అసలు రిక్రూటర్‌ని ముందే రెండు అడగండి: ఏయే రౌండ్లు, కోడ్ రన్ చేసుకోనిస్తారా? రన్ లేదంటే రోజూ ఒకటైనా ఉత్త ఎడిటర్‌లో రాసి, లైను వెంట లైను చేత్తో ట్రేస్ చేయండి.