నర్సింగ్ చదివిన చెల్లెలికి జర్మన్ నేర్పించాలా, జపనీసా?

మధురవాడ అన్న:
మా చెల్లెలు బీఎస్సీ నర్సింగ్ చదివి ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేస్తోంది. విదేశానికి వెళ్లాలని పట్టుదలగా ఉంది. ద్వారకానగర్‌లో ఒకచోట ఆరు నెలల్లో జర్మన్ భాషలో బి2 (ఎ1 నుంచి లెక్కేస్తే నాలుగో స్థాయి) పూర్తి చేయిస్తామంటున్నారు. ఇంకొకరు జపాన్‌కైతే జపనీస్ భాషా పరీక్షలో ఎన్4 (కింది నుంచి రెండో స్థాయి) చాలంటున్నారు. ఏజెంటు మూడు లక్షలు అడుగుతున్నాడు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సీతమ్మధార నర్సు:
నేనిప్పుడు లైప్‌జిగ్‌లో పనిచేస్తున్నానండి. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బి2 కావాలి. గోథే సంస్థ పెట్టే బి2 భాషా పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అని నాలుగు విభాగాలు. ఒక్కొక్కదానిలో నూటికి 60 రావాలి. తప్పిన విభాగం ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు.

మనవాళ్లకు కష్టమయ్యేది వినడమే. కోచింగ్‌లో ఉత్తరాల నమూనాలు బట్టీ పట్టిస్తారు గానీ చెవికి పని పెట్టరు. ఇక్కడ పొద్దున్నే డ్యూటీ మారేటప్పుడు రాత్రి నర్సు వార్డు మొత్తం సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తుంది. ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి డ్రెయిన్ గొట్టం తీశారు, ఎవరు మాత్ర వద్దన్నారు, అన్నీ వింటూనే రాసుకోవాలి. కట్టుడు పళ్లు తీసేసిన తాతగారు ఈ ప్రాంతపు సాక్సనీ యాసలో ఏదో అడుగుతారు, అదీ అర్థం కావాలి. రోజూ జర్మన్ రేడియో వినమని చెప్పండి.

ఇంకొక మాట. రాగానే నర్సు జీతం రాదు. మన కోర్సును వాళ్ల కోర్సుతో పోల్చి చూస్తారు. లోటు ఉందంటే పరీక్ష రాయాలి, లేదా శిక్షణ పూర్తి చేయాలి. అప్పటిదాకా సహాయకురాలి హోదా, ఆ జీతమే. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు చదివిందో, ఏ వార్డులో ఎన్ని గంటలు చేసిందో చూపే పత్రం కాలేజీ నుంచి ఇప్పుడే తీయించండి.

గాజువాక వాసి:
మా తమ్ముడు జపాన్‌లో వృద్ధుల సంరక్షణలో ఉన్నాడు. వాడు వెళ్లింది 2019లో మొదలైన ప్రత్యేక నైపుణ్య వీసా మీద. ఎన్4 చాలన్నది సగం నిజం. సంరక్షణ నైపుణ్య పరీక్ష, ఆ పనికి సంబంధించిన భాషా పరీక్ష కూడా పాసవ్వాలి. పైగా అది నర్సు ఉద్యోగం కాదు. అక్కడ నర్సు లైసెన్సు కావాలంటే ప్రభుత్వ పరీక్ష జపనీస్‌లోనే రాయాలి. మా తమ్ముడు ఇంటర్‌తో ఆపేశాడు కాబట్టి వాడికి మంచి దారే దొరికింది. నాలుగేళ్లు నర్సింగ్ చదివిన అమ్మాయిని మాత్రం జర్మన్ వైపే పంపమంటాను.

ఎన్4లో మాట్లాడే విభాగమే లేదు. అందుకని సర్టిఫికెట్ చేతికొచ్చినా ఇంటర్వ్యూలో నోరు పెగలని వాళ్లు చాలామంది.

అక్కయ్యపాలెం:
మూడు లక్షలా! ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో అతని రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. జర్మన్ ప్రభుత్వ సంస్థలు నడిపే ట్రిపుల్ విన్ పథకంలోనైతే నర్సుల దగ్గర నియామక రుసుము తీసుకోరు. కేరళ ప్రభుత్వం 2021లోనే అందులో చేరింది.

మధురవాడ అన్న:
అందరికీ కృతజ్ఞతలు. కాలేజీ పత్రానికి ఈ వారమే దరఖాస్తు పెడతాం. నైట్ డ్యూటీలు చేస్తూ ఆరు నెలల్లో బి2 వస్తుందా అండి?

సీతమ్మధార నర్సు:
రాదండి. ఉద్యోగం చేస్తూ అయితే ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. మొత్తం కోర్సుకు ఒకేసారి డబ్బు కట్టకండి, ముందు మొదటి స్థాయి ఎ1కి మాత్రమే కట్టండి. చేర్చేముందు ఒక రోజు క్లాసులో కూర్చోబెట్టి చూడండి. పిల్లల చేత మాట్లాడిస్తున్నారో, బోర్డు మీదిది ఎక్కించుకోమంటున్నారో తనకే తెలుస్తుంది.