బాదం పిండి కుకీలు ట్రేలో అట్టులా పరుచుకుపోతున్నాయి (గుడ్డు, పాలు, ధాన్యం లేకుండా)

ఓటీజీ_కొత్త:
అందరికీ నమస్కారం. గోధుమ, బియ్యం, మొక్కజొన్న, ఓట్స్ ఏవీ తగలకుండా, పాలు, నెయ్యి, గుడ్డు, తేనె లేకుండా కుకీలు కావాలి. వాడిన కొలతలు ఇవి: తొక్కతో సహా మిక్సీలో ఆడించిన బాదం పిండి 2 కప్పులు, కరిగించిన కొబ్బరినూనె అర కప్పు, బెల్లం పాకం అర కప్పు, 3 టేబుల్ స్పూన్ల నీళ్ళలో నానబెట్టిన అవిసె గింజల పొడి 1 టేబుల్ స్పూన్, బేకింగ్ పౌడర్ 1 టీస్పూన్. ఓవెన్ 28 లీటర్ల ఓటీజీ. రెండు రాడ్లూ వేసి, 180 డిగ్రీల్లో 15 నిమిషాలు.

ఎనిమిది ఉండలు పెడితే అన్నీ కలిసి ఒక్క అట్టు అయింది. అడుగు నల్లబడింది, నడుమ మెత్తగానే ఉంది, పేపర్ మీద నూనె మడుగు కట్టింది. వేడి మీద తీస్తే పొడైపోయింది. మిగిలింది డబ్బాలో పెడితే మర్నాటికి జిగటగా తయారైంది. ఇంత నూనె ఎక్కడినుంచి వస్తోంది? కరకరలాడాలంటే ఏం మార్చాలి? బాదం బదులు జీడిపప్పు ముక్కలు వాడొచ్చా?

తూకంరాయి:
నూనె బాదంలోనే ఉందండీ. బాదంలో దాదాపు సగం బరువు కొవ్వే. మైదాలో నూటికి ఒక్క గ్రాము దగ్గర. అంటే 200 గ్రాముల బాదం పిండిలో మీరు చుక్క నూనె పోయకముందే సుమారు 100 గ్రాముల నూనె ఉంది. దానిమీద ఇంకో అర కప్పు పోశారు. మైదాలో గ్లూటెనూ పిండిపదార్థమూ కలిసి ఆ నూనెను పట్టి ఉంచుతాయి. బాదంలో పట్టుకునే దిక్కు లేదు. వేడి తగలగానే బెల్లం కరుగుతుంది, నూనె బయటికొస్తుంది, ముద్ద జారిపోతుంది.

ముందు పిండి సంగతి. మిక్సీలో ఏకబిగిన తిప్పితే బ్లేడు వేడికి బాదం నూనె కక్కుతుంది. ఇంకో నిమిషం తిప్పితే అది పిండి కాదు, బాదం వెన్న. చిన్న జార్‌లో ఒక వాయికి 100 గ్రాములకు మించకుండా వేసి, మూడేసి సెకన్లు తిప్పుతూ ఆపుతూ ఎనిమిది పది సార్లు చాలు. మధ్యలో జార్ తట్టి అడుగున అంటుకున్నది కదపాలి. జల్లించి, పైన మిగిలిన రవ్వను మాత్రమే మళ్ళీ వేయాలి. పిండి సరిగ్గా ఉందో లేదో గుప్పిట్లో తెలిసిపోతుంది: నొక్కితే ముద్దలా నిలవాలి, వేలితో తాకితే పొడిగా రాలాలి. తాకినా రాలకుండా అరచేతికి మెరుపు అంటిందంటే నూనె వదిలేసిందని అర్థం. దాన్ని లడ్డూలకు వాడుకోండి, కుకీకి పనికిరాదు.

తొక్క తీయడం మంచిది. మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ఉంచి చన్నీళ్ళలో వేస్తే తొక్క వేళ్ళమధ్య జారి వచ్చేస్తుంది. కానీ ఆ తరవాత బాగా ఆరాలి. ఫ్యాన్ కింద రాత్రంతా ఉంచండి, లేదా ఓవెన్‌లో 60, 70 డిగ్రీల దగ్గర రెండు గంటలు. విరిస్తే టక్కున విరగాలి, వంగకూడదు. తడి బాదం మిక్సీలో ముద్దే అవుతుంది.

ఇక కప్పులు పక్కన పెట్టండి. మెత్తగా ఆడించిన పిండి ఒక కప్పుకి 96 నుంచి 112 గ్రాముల దాకా తూగుతుంది. ఇంట్లో ఆడించిన బరక పిండి, నొక్కి నింపిన పిండి ఇంకో లెక్క. ఈ తరహా కుకీలో 20 గ్రాముల తేడా కూడా కనిపిస్తుంది.

నా లెక్క ఇది, 20 గ్రాములవి 18 దాకా వస్తాయి: బాదం పిండి 200 గ్రాములు, సగ్గుబియ్యం పిండి 30, జల్లించిన బెల్లం పొడి 60, కొబ్బరినూనె 40, అవిసె పొడి 7 గ్రాములు (1 టేబుల్ స్పూన్) 30 మి.లీ. నీళ్ళలో, ఉప్పు పావు టీస్పూన్, ఏలకుల పొడి అర టీస్పూన్. పాకం వద్దు. పాకంతోపాటు నీళ్ళు వస్తాయి, ఆ నీళ్ళే మీ నడుమ భాగాన్ని మెత్తగా ఉంచాయి.

పొడివన్నీ ముందు కలిపి, నూనె వేసి వేళ్ళతో రుద్ది, చివర అవిసె జిగురు కలపాలి. మొదట పొడిగా అనిపిస్తుంది, నీళ్ళు పోయకండి. రెండు నిమిషాలు అదిమి కలిపితే దగ్గరకొస్తుంది. మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఎండాకాలం మన వంటింట్లో అది ఎప్పుడూ నీళ్ళే, అందుకే చల్లబరచకుండా పెడితే ఓవెన్ వేడెక్కించేలోపే ఉండ కూలబడుతుంది. ఉండలు చేసి 8 మి.మీ. మందానికి మీరే నొక్కండి. తనంతట తను సర్దుకుంటుందని ఉండగా వదిలేస్తే నడుమ పచ్చిగా ఉండిపోతుంది.

160 డిగ్రీలు, పదిహేను నిమిషాలు ముందే వేడిచేసిన ఓవెన్, మధ్య అర, 13 నుంచి 15 నిమిషాలు. అంచు లేత బంగారు రంగు తిరిగితే ఆపేయండి. నడుమ ఇంకా కాలనట్టే కనిపిస్తుంది, నమ్మకండి. ట్రే బయట పెట్టి పదిహేను నిమిషాలు ముట్టుకోకూడదు. అప్పటిదాకా దానిలో గట్టిగా ఉన్నది ఏదీ లేదు.

అడుగు నల్లబడడం చిన్న ఓటీజీల రోగం. కింది రాడ్ ట్రేకి మరీ దగ్గర. ఒక ట్రే మీద ఇంకో ట్రే పెట్టి కాల్చండి. మన దుకాణాల్లో బటర్ పేపర్ అని అమ్మేది అన్నిసార్లూ బేకింగ్ పేపర్ కాదు, పల్చటిది అంటుకుంటుంది, పొగ కూడా వస్తుంది. ఓవెన్‌కని రాసి ఉన్నదే తీసుకోండి.

పలాసగుండ్లు:
జీడిపప్పు వాడొచ్చు, ముక్కలే తీసుకోండి. పిండి ఆడించేదానికి గుండ్లు, బద్దలు కొనడం డబ్బు దండగ. పలాసలో అయినా వేటపాలెంలో అయినా గ్రేడు ధర చూపుకే, రుచి అదే. పాత సరుకు కాకుండా చూసుకోండి, నోట్లో వేసుకుంటే పాత నూనె వాసన రాకూడదు.

కొలత మాత్రం యథాతథంగా కుదరదు. జీడిపప్పులో కొవ్వు బాదం కన్నా కొంచెం తక్కువ, పిండిపదార్థం బాగా ఎక్కువ. అందుకే సగ్గుబియ్యం పిండి 15 గ్రాములకు, నూనె 30కి, బెల్లం 50కి తగ్గించండి. తొందరగా రంగు తిరుగుతుంది కనక 150 డిగ్రీలు, 14 నిమిషాల నుంచి చూస్తూ ఉండాలి. నోట్లో వేస్తే కరిగిపోయే రకం వస్తుంది, కరకర రాదు. కరకర కావాలంటే బాదమే. సగం సగం కలిపితే రెండూ దక్కుతాయి, నా ఓటు దానికే.

కొంతమంది పప్పును ఫ్రీజర్‌లో పెట్టి ఆడించమంటారు. మాడిపోయే ఎండలో, గాలిలో తడి లేనిచోట అది పనిచేస్తుంది. విశాఖ, కాకినాడల్లో జార్ మూత తీసేలోపే చల్లటి పప్పు మీద చెమ్మ పట్టి ముద్ద కడుతుంది. కాజూ కత్లీ చేసేవాళ్ళు గది వేడిమీదున్న పప్పునే ఆడించేది అందుకే.

తూకంరాయి:
చెమ్మ మాట నిజమే. ఫ్రీజర్ కన్నా తేలికైన ఉపాయం, ఆ 30 గ్రాముల సగ్గుబియ్యం పిండిని బాదంతో కలిపే మిక్సీలో వేయడం. పైకొచ్చిన నూనెను అది వెంటనే పీల్చుకుంటుంది.

అవిసెగింజ:
ఎవరూ అనలేదు కాబట్టి: మీ బేకింగ్ పౌడరే ధాన్యం. చాలా డబ్బాల్లో సోడా, ఆమ్లం విడివిడిగా పొడిగా ఉండడానికి మొక్కజొన్న స్టార్చ్ కలుపుతారు. వెనక పదార్థాల పట్టిక చదవండి. కొన్న ఐసింగ్ షుగర్‌లోనూ అదే కథ, కస్టర్డ్ పౌడర్ సంగతి చెప్పక్కర్లేదు. ఏకాదశికి ధాన్యం ముట్టనివాళ్ళకు చేసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. ఆరారూట్ పేరుతో అమ్మే పొడి కూడా పట్టిక చూడకుండా కొనకండి. సగ్గుబియ్యం పిండికి ఆ బెడద తక్కువ. మన దగ్గర సగ్గుబియ్యం కర్రపెండలం దుంప నుంచి వస్తుంది, సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో తయారయ్యేది అదే. బియ్యం అన్నది పేరులోనే. పిండి దొరక్కపోతే సగ్గుబియ్యాన్నే మిక్సీలో మెత్తగా ఆడించి జల్లించండి. బరకగా వదిలేస్తే పంటికింద రాళ్ళలా తగులుతుంది.

బేకింగ్ పౌడర్ బదులు వంటసోడా, పావు టీస్పూన్‌లో సగం, నిమ్మరసం 1 టీస్పూన్. అంతకన్నా సోడా పెంచకండి. పావు టీస్పూన్ సోడా పూర్తిగా విరగాలంటే దాదాపు ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం కావాలి, ఆ తడి ఈ కుకీ మోయలేదు. విరగని సోడా సబ్బు రుచి ఇస్తుంది, రంగు కూడా త్వరగా ముదురుతుంది. నిజానికి పల్చటి కరకర కుకీకి సోడా లేకపోయినా కొంప మునగదు.

అవిసె గింజలు పొడి చేస్తేనే ఇలా పిండిని పట్టే జిగురు వస్తుంది, గింజలు అలాగే నానబెడితే పని జరగదు. పది నిమిషాలాగితే గుడ్డు తెల్లసొనలా సాగాలి, చెంచాతో ఎత్తితే తీగలా రావాలి. పాత పొడి చేదు. వారానికి సరిపడా ఆడించుకుని ఫ్రిజ్‌లో పెట్టుకోండి. చియా పొడి కూడా ఇదే కొలత. చియా, సబ్జా ఒకటి కాదు, దుకాణంలో ఒకటి అడిగితే ఇంకోటి చేతిలో పెడతారు. సబ్జా చాలా నీళ్ళు పీలుస్తుంది, ఈ కొలత దానికి వర్తించదు. ఇంకా పొడిపొడిగా రాలుతుంటే మందుల షాపులో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు అర టీస్పూన్ కలపండి. నారింజ రుచి, చక్కెర కలిపినది కాకుండా ఉత్త పొట్టు.

కరకర గురించి. చలి దేశాల వంటకాలు చూసి చేస్తే మనకు ఎదురుదెబ్బ తగిలేది ఇక్కడే. వాళ్ళ గదిలో 20 డిగ్రీలుంటే చల్లారాక కొబ్బరినూనె గడ్డకట్టి కుకీ బిగుసుకుంటుంది. మే నెల విజయవాడలో అది ఎన్ని గంటలున్నా నూనెగానే ఉంటుంది. కాబట్టి మనకు కరకర రావలసింది నూనె వల్ల కాదు, తడి పోవడం వల్ల. ఒకసారి కాల్చి పూర్తిగా చల్లారనిచ్చి, మళ్ళీ 120 డిగ్రీల్లో 10 నుంచి 12 నిమిషాలు ఆరబెట్టండి. ఓవెన్ ఆపేసి తలుపు రెండు వేళ్ళ సందు తెరిచి లోపలే చల్లారనివ్వండి.

బెల్లం పూర్తిగా నమ్ముకుంటే మాత్రం ఈ ఆరబెట్టడం ఒక రోజు ముచ్చటే. బెల్లంలో విడిపోయిన చక్కెరలు, అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్, కొంత ఉంటాయి. అవి గాలిలో తడిని లాక్కుంటాయి. మీ డబ్బాలో జిగట అదే. 60 గ్రాముల్లో 35 పంచదార ఇంట్లో పొడి చేసి వేసి, 25 మాత్రం బెల్లం ఉంచితే రుచీ ఉంటుంది, బిగువూ ఉంటుంది.

ఓటీజీ_కొత్త:
చాలా థాంక్సండీ. ఇంకో మాట: బాదం, జీడిపప్పు పడనివాళ్ళు ఉంటే పల్లీలతో గానీ పొద్దుతిరుగుడు గింజలతో గానీ చేయొచ్చా? కొబ్బరి పిండి?

తూకంరాయి:
పల్లీలు వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారాక ఆడిస్తే పై కొలత కుదురుతుంది. వేడిమీద ఆడించారో, పల్లీ వెన్నే. అయితే పల్లీలు కూడా కొందరికి పడవు, కొందరికి ప్రమాదకరం. తినేవాళ్ళకి ఏది పడదో అడక్కుండా వేయొద్దు. మిక్సీ జార్‌లో మిగిలిన బాదం పొడి కూడా అలర్జీ ఉన్నవాళ్ళకి చాలు, జార్, జల్లెడ రెండూ శుభ్రంగా కడగాలి.

పొద్దుతిరుగుడు పప్పుతో కుకీ బాగుంటుంది. కానీ సోడా పడితే చల్లారాక లోపల ఆకుపచ్చ తిరుగుతుంది. ఆ పప్పులో ఉండే క్లోరోజెనిక్ ఆమ్లం సోడా క్షారంతో కలిసి ఇచ్చే రంగు అది. హాని లేదు, చూసేవాళ్ళే బూజు అనుకుని పారేస్తారు. సోడా మానేసి నిమ్మరసం మాత్రం ఉంచండి.

కొబ్బరి పిండి గ్రాముకి గ్రాము వేయకండి, అది నీళ్ళను స్పాంజిలా లాగేస్తుంది. బాదంలో 20 గ్రాములు తీసి దాని స్థానంలో 8 గ్రాములు వేస్తే పరుచుకోవడం తగ్గుతుంది. ఎండుకొబ్బరి కోరు దానికి బదులు కాదు, అందులో నూనె అలాగే ఉంటుంది.

పలాసగుండ్లు:
డార్క్ చాక్లెట్ ముక్కలు వేసేవాళ్ళు పాలపొడి ఉందేమో చూడండి. డార్క్ అని రాసినంత మాత్రాన పాలు లేనట్టు కాదు. ముక్కలు ఉండ లోపల కాకుండా పైన నొక్కితే అడుగు అంటుకోదు.

నిల్వ: పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో, గట్టి మూత. గోరువెచ్చగా పెడితే మూతకి పట్టిన ఆవిరి తిరిగి కుకీల మీదే పడుతుంది. బయట ఐదారు రోజులు, ఫ్రిజ్‌లో మూడు వారాలు. మెత్తబడితే 120 డిగ్రీల్లో ఎనిమిది నిమిషాలు. చేయని ముద్దను ఉండలు చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు, కాల్చేముందు పావుగంట బయట ఉంచి అప్పుడు నొక్కండి, గడ్డమీద నొక్కితే అంచులు పగులుతాయి.

అవిసెగింజ:
అమెరికా నుంచి చదివేవాళ్ళకి: తొక్క తీసి మెత్తగా ఆడించిన ప్యాకెట్ పిండే దొరుకుతుంది కాబట్టి మిక్సీ గొడవ లేదు. 160 అంటే మీ ఓవెన్‌లో 325. ఫ్యాన్ తిరిగే రకమైతే 300 పెట్టి పదకొండో నిమిషం నుంచి తొంగి చూడండి.