షెడ్ నడుపుకునే మా బావగారు ఎమ్మెల్యేగా నిలబడతానంటున్నారు, అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి

ఆటోనగర్ తమ్ముడు:
మా బావగారికి ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్ ఉందండి, ముప్పై మంది పనోళ్ళు. 2029లో గాజువాక నుంచి నిలబడతారంట, టికెట్ రాకపోతే ఇండిపెండెంట్‌గానైనా సరే అంటున్నారు. అక్కకి నిద్ర లేదు. మీ ఇళ్ళల్లో ఇలా దిగినోళ్ళుంటే ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

కంచరపాలెం:
మా పెదనాన్నది సిమెంటు, ఐరన్ షాపు. 2021 జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) ఎన్నికల్లో కార్పొరేటర్‌గా నిలబడి ఓడిపోయారు. ప్రచారం ఖర్చు ఒకెత్తు, అరువు ఖాతా ఒకెత్తు. బాకీ ఉన్నోడి ఇంటికే ఓటడగడానికి వెళ్తే ఇంక డబ్బులెలా అడుగుతాం చెప్పండి, ఏడాది పాటు అడగలేదు, అవతల పార్టీ మేస్త్రీలేమో షాపు మెట్లెక్కడం మానేశారు, ఆ మేస్త్రీలు ఇప్పటికీ తిరిగి రాలేదు. బావగారిని ముందు ఖాతా పుస్తకం తియ్యమనండి.

లెక్కల పిల్ల:
ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను, 2024లో ఒక అభ్యర్థి లెక్కలు నేనే రాశాను. అసెంబ్లీకి ఖర్చు పరిమితి 40 లక్షలు, 2020 దాకా 28 ఉండేది. నామినేషన్‌కి కనీసం ఒక రోజు ముందే ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, షెడ్ ఖాతా వాడకూడదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, సరైన కారణం లేకుండా ఎగ్గొడితే మూడేళ్ళు పోటీకి అనర్హులు చెయ్యొచ్చు. ఇండిపెండెంట్ అయితే ఆ నియోజకవర్గం ఓటర్లు పది మంది ప్రతిపాదించాలి. ఇంకోటి, అఫిడవిట్‌లో మీ అక్క బంగారం, అప్పులు కూడా రాయాలి, అది ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆవిడకి ముందే చెప్పండి.

పెందుర్తి రోడ్:
అందరూ భయపెట్టేస్తున్నారు. జీతాలిచ్చి, కరెంటు బిల్లు కట్టి, జీఎస్టీ కట్టే మనిషి అసెంబ్లీకి వెళ్తే చిన్న యూనిట్ల బాధ అక్కడ మాట్లాడతాడు కదా. బిల్డర్ ఎంవీవీ సత్యనారాయణ గారు 2019లో విశాఖ ఎంపీగా గెలవలేదా.

కంచరపాలెం:
గెలిచారు, 2024లో విశాఖ తూర్పులో ఓడిపోయారు కూడా. గాజువాక సంగతి వేరండి, 2019లో పవన్ కల్యాణే ఓడిపోయారక్కడ, 2024లో పల్లా శ్రీనివాసరావు గారికి మెజారిటీ 95 వేల పైన వచ్చింది. అలాంటి చోట ఇండిపెండెంట్‌కి పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటకపోతే పదివేల డిపాజిట్ కూడా పోద్ది. స్టీల్‌ప్లాంటు కాలనీల్లో ప్రైవేటీకరణ మీద నీ మాటేంటని మొదటి రోజే నిలదీస్తారు, దానికి సమాధానం ఉందా బావగారి దగ్గర?

ఆటోనగర్ తమ్ముడు:
దాని మీద గట్టిగానే మాట్లాడతారు, షెడ్‌కి పనులొచ్చిందే ప్లాంటు వల్ల. కానీ ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) రెయిలింగ్ పని ఒకటి ఆయన పేరు మీదే ఉంది, బిల్లు రావాలి. ఇబ్బందా?

లెక్కల పిల్ల:
ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ చూడండి. రాష్ట్ర ప్రభుత్వంతో సరుకు సప్లై గానీ పని గానీ కాంట్రాక్టు నడుస్తుంటే అసెంబ్లీకి అనర్హత. పని మొత్తం పూర్తిచేసి బిల్లు మాత్రమే పెండింగ్ ఉంటే అడ్డు కాదు. పని పూర్తయినట్టు కాగితం ఇప్పుడే తీసుకోండి, నామినేషన్ల టైములో ఎవరూ దొరకరు.

ఆటోనగర్ తమ్ముడు:
రెండు స్పాన్లు ఇంకా బిగించలేదండి, అది ముందు అవగొట్టిస్తాను. ఆదివారం సింహాచలం వెళ్తున్నాం అందరం, దిగొచ్చాక అక్క ముందే ఖాతా పుస్తకం తీసి కూర్చోబెడతాను. పెదనాన్నగారితో ఒకసారి ఫోన్‌లో మాట్లాడించగలరా?

కంచరపాలెం:
తప్పకుండా. సాయంత్రం ఏడు దాటాక చెయ్యమనండి, అప్పటికి షాపు కట్టేస్తారు.