మధ్య గుర్తు లేని పాలిండ్రోమ్‌లు: డిటర్మినిస్టిక్ పీడీఏ కుదరదని ఎలా నిరూపించాలి?

అందరికీ నమస్కారం. గేట్ పరీక్షకు సొంతంగా చదువుకుంటున్నాను. పుష్‌డౌన్ ఆటోమేటా (పీడీఏ: చివర పెట్టినదే ముందు తీయగలిగే స్టాక్ ఒక్కటే జ్ఞాపకంగా ఉన్న ఊహాయంత్రం) దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను, దయచేసి సాయం చేయండి.

0, 1 లతో రాసిన సరి పొడవు పాలిండ్రోమ్‌ల (ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే పదాల) భాష, అంటే అలాంటి పదాలన్నిటి సమితి, తీసుకుందాం. మధ్యలో # లాంటి గుర్తు ఉంటే పని తేలిక. అది వచ్చేదాకా స్టాక్‌లో పెడుతూ పోయి, వచ్చాక ఒక్కొక్కటీ తీస్తూ పోల్చుకుంటే చాలు. గుర్తు లేకపోతే నాన్‌డిటర్మినిస్టిక్ (ఒకే చోట పలు దారులు ఎంచుకోగల) పీడీఏ మధ్య ఎక్కడుందో ఊహించి నెట్టుకొస్తుంది. ఇంతవరకు అర్థమైంది.

ప్రతి అడుగులో ఒకే దారి ఉండే డిటర్మినిస్టిక్ దానికి ఎందుకు కుదరదో కూడా లీలగా తెలుస్తోంది. 0110 చదవగానే ఒప్పుకోవాలి. కానీ ఇన్‌పుట్ అక్కడ ఆగకుండా 01100110 అయితే మధ్య స్థానం ముందుకు జరిగిపోయింది. అప్పటికే స్టాక్ ఖాళీ చేసేసి ఉంటే మొదటి సగం ఎక్కడి నుంచి తేవాలి? అయితే ఇది నిరూపణ కాదు కదా, ఇంకేదో తెలివైన పద్ధతి ఉండొచ్చు.

పూరక భాష (భాషలో లేని పదాలన్నీ) తీసుకుని చూశాను. డిటర్మినిస్టిక్ పీడీఏ గుర్తించే భాషకు పూరకాన్ని కూడా అలాంటి పీడీఏ గుర్తించగలదు. ఒకే పదం వెంటవెంటనే రెండుసార్లు వచ్చే భాష (ww) విషయంలో ఆ ఉపాయం చక్కగా పనిచేస్తుంది: దాని పూరకం కాంటెక్స్ట్ ఫ్రీ (ఏదో ఒక పీడీఏ గుర్తించగల భాష), ww భాష మాత్రం కాదు. కాబట్టి ఆ పూరకం డిటర్మినిస్టిక్ కాదని తేలిపోతుంది. పాలిండ్రోమ్‌ల విషయంలో భాష, దాని పూరకం రెండూ కాంటెక్స్ట్ ఫ్రీనే, దారి మూసుకుపోయింది.

ఏదైనా రెగ్యులర్ భాషతో (స్టాక్ లేని యంత్రం గుర్తించగల భాషతో) ఖండన తీసుకుని, ఆ తర్వాత పంపింగ్ లెమ్మా (పొడవైన పదంలో కొన్ని భాగాలను పునరావృతం చేసి చూసే సిద్ధాంతం) వాడాలా? ఏ రెగ్యులర్ భాష ఎంచుకోవాలి? పూర్తి జవాబు అక్కర్లేదు, మొదటి అడుగు చెప్పినా చాలు.