అప్‌డేట్: అమ్మ రిపోర్టులు ఆభా యాప్‌లోకి వచ్చాయి

ఆభా సంఖ్య (ఆయుష్మాన్ భారత్ కింద ప్రభుత్వం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా సంఖ్య) తీసుకున్నా అమ్మ రక్తపరీక్షల రిపోర్టులు ఫోనులో ఎందుకు కనిపించడం లేదని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పినదే నిజమైంది: 14 అంకెల సంఖ్య ఉంటే చాలదు, ఆసుపత్రి తన రికార్డులను దానికి అనుసంధానించాలి. అక్కడ ఓపీ నమోదులో ఆ సంఖ్యే ఎక్కించలేదు. కౌంటర్‌లో పట్టుబట్టి చేర్పించాక వచ్చేశాయి. పాత కాగితాలను మాత్రం ఫొటో తీసి మేమే ఎక్కించుకోవాలి. దొంతర చూస్తేనే నీరసం వస్తోంది.

భద్రత గురించి భయపడిన అమ్మకు ఊరట కలిగించిన సంగతి ఒకటుంది. రికార్డులన్నీ ఒకేచోట పోగుపడవు, ఏ ఆసుపత్రివి ఆ ఆసుపత్రి దగ్గరే ఉంటాయి. కొత్త డాక్టరు యాప్ ద్వారా చూడాలంటే అమ్మ సమ్మతి కావాలి. ఏవి చూపాలో, ఎప్పటివరకో అమ్మే నిర్ణయిస్తుంది, మధ్యలో రద్దు కూడా చేయవచ్చు. షుగర్ రిపోర్టు మాత్రం మా పిన్ని కంట పడకూడదట!