పికప్ సెంట్రల్ లాకింగ్: ఎడమ డోర్ మధ్యాహ్నం అయ్యేసరికి మొరాయిస్తోంది, ఆటో లాక్ అసలు ఎలా పనిచేస్తుంది?

హార్బర్ లోడ్:
అందరికీ నమస్తే. నాది సింగిల్ క్యాబ్ పికప్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ నుంచి సెంట్రల్ లాకింగ్ రాలేదు, పాత ఓనర్ బయట కిట్ వేయించాడు. తెల్లారకముందే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు ఎత్తుకుని కంచరపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం వైపు షాపులకి దింపుకుంటూ పోతాను.

పొద్దున పూట రెండు డోర్లూ టక్కున లాక్ పడతాయి. ఎండెక్కాక ఎడమ డోర్ మొరాయిస్తుంది. రిమోట్ నొక్కితే లోపల సన్నగా గుర్రుమంటుంది, నాబ్ సగం దిగి ఆగిపోతుంది, ఒక్కోసారి అదీ లేదు. కుడి డోర్‌కి ఏ రోగమూ లేదు. మెకానిక్‌కి చూపిస్తే డోర్ ప్యాడ్ కూడా విప్పకుండానే కిట్ మొత్తం మార్చేయాలి అన్నాడు.

ఇంకోటి, స్టార్ట్ చేసిన కొద్ది సెకన్లకే డోర్లు వాటంతటవే లాక్ అయిపోతాయి. మా బావ డబుల్ క్యాబ్‌లో అలా కాదు, బండి కదిలి కాస్త వేగం అందుకున్నాకే పడతాయి. ఈ తేడా ఎందుకు? ఇంజిన్ ఆన్‌లో ఉంచి వెనక తాడు బిగించడానికి దిగితే తాళం లోపలే ఉండిపోతుందేమోనని నాకు భయం. ఏదైనా గుద్దుకుంటే డోర్లు తెరుచుకోవేమోనని మా ఆవిడకి టెన్షన్.

టెస్ట్‌ల్యాంప్:
కిట్ మార్చే తొందర వద్దు గురూ. అసలు అందులో ఏముందో చెప్తా, మీకే అర్థమైపోతుంది.

ఒక్కో డోర్‌లో ఒక చిన్న 12 వోల్టుల మోటర్, దానికి ప్లాస్టిక్ గేర్లు, ఆ గేర్లు ముందుకీ వెనక్కీ తోసే ఒక పుల్ల. ఆ పుల్ల మీ లాక్ రాడ్‌కి స్క్రూతో బిగించి ఉంటుంది. ఒక వైరుకి ప్లస్, ఇంకోదానికి ఎర్త్ ఇస్తే రాడ్ దిగుతుంది, అటుదిటు చేస్తే లేస్తుంది, అంతే. మామూలప్పుడు ఆ రెండు వైర్లూ కంట్రోల్ బాక్సులోని రిలేల గుండా ఎర్త్‌కే కలిసి ఉంటాయి. రిమోట్ నొక్కగానే ఒక రిలే టక్‌మని ఒక వైరుని ప్లస్‌కి మార్చి, అర సెకను అటూ ఇటూగా పట్టి ఉంచి వదిలేస్తుంది. ఆ కాస్త సమయంలో రాడ్ పూర్తిగా దిగాలి. దిగకపోతే మీకు కనిపిస్తున్నట్టు సగంలోనే ఆగిపోతుంది.

బయట కిట్లలో సాధారణంగా డ్రైవర్ డోర్‌లోది 5 వైర్ల మోటర్, మిగతావి 2 వైర్లవి. ఆ 5లో 2 మోటర్‌వి, 3 లోపలున్న స్విచ్‌వి, డ్రైవర్ నాబ్ చేత్తో నొక్కినా రెండో డోర్ కూడా పడేది ఆ స్విచ్ వల్లే. మీ కుడి డోర్ బాగుంది, రిమోట్‌కి రిలే పలుకుతోంది, కాబట్టి బాక్సుని అనుమానించక్కర్లేదు. తేడా ఎడమ డోర్‌లోనో, దానికి వెళ్లే వైర్లలోనో ఉంది. ఒక్క డోర్ కోసం కిట్ మొత్తం ఎందుకు? విడిగా 2 వైర్ల మోటర్ గాజువాక ఆటోనగర్‌లో ఏ యాక్సెసరీస్ షాపులో అడిగినా ఇస్తారు. అది కూడా ఇప్పుడే కొనకండి.

ఎండాడ డీజిల్:
నా ఓటు మోటర్‌కే. చాలా లాక్ మోటర్లలో లోపల ఒక బుల్లి రక్షణ బిళ్ల ఉంటుంది, పీటీసీ అంటారు. వేడెక్కితే దాని రెసిస్టెన్స్ ఒక్కసారిగా పెరిగి కరెంటుని తొక్కిపెడుతుంది, చల్లారితే మళ్లీ వదులుతుంది. మోటర్ కాలిపోకుండా పెట్టిన ఏర్పాటు అది. షాపు షాపుకీ దిగి లాక్, ఎక్కి అన్‌లాక్, పైగా మధ్యాహ్నం ఎండలో డోర్ రేకు చెయ్యి పెట్టలేనంత వేడి. దానికి తోడు లాచ్‌లో, అంటే డోర్‌ని పట్టి ఉంచే కొక్కెంలో, గ్రీజు ఎండిపోయి బిగుసుకుంటే మోటర్ ఇంకా ముక్కుతుంది. పొద్దున బాగుండి మధ్యాహ్నం ఆగడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

తుప్పు బాధితుడు:
ఎండాడ గారు చెప్పింది నిజమే కానీ అదే అయితే డ్రైవర్ డోరే ముందు ఆగాలి కదా, ఎక్కువ పని దానిదే. ఇక్కడ ఆగుతోంది ఎడమది. పైగా చేపల బండి, ఐసు కరిగి కారే ఉప్పునీళ్లు, తెల్లవారుజామున హార్బర్ గాలి. నేనైతే ముందు రబ్బరు గొట్టం చూస్తా, డోర్‌కీ పిల్లర్‌కీ మధ్య వైర్లు వెళ్లేది. డోర్ తీసి వేసిన ప్రతిసారీ ఆ వైర్లు అక్కడే వంగుతాయి. పైన తొడుగు చక్కగానే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటీ తెగిపోతుంటాయి. మీ బండిలో సరుకు పుస్తకం, బిల్లులు, టిఫిన్ క్యారేజీ అన్నీ ఎడమ పక్కే పెడతారనుకుంటా, ఆ డోర్ ఎక్కువ తెరుస్తారు. ఉప్పు తేమ లోపలికి దూరితే మిగిలిన పోగులు పచ్చగా కిలుం పడతాయి.

డోర్ అడుగున నీళ్లు పోయే కన్నాలు కూడా మట్టితో మూసుకుపోయాయేమో చూడండి. మూసుకుంటే అద్దం పక్క నుంచి దిగిన వాననీళ్లు లోపలే నిలుస్తాయి, మోటర్ ఉండేది ఆ కిందే.

టెస్ట్‌ల్యాంప్:
ఇద్దరిలో ఎవరిది కరెక్టో పరీక్ష పెడితే తేలిపోతుంది. మధ్యాహ్నం తప్పు చేస్తున్నప్పుడే చూడండి, పొద్దున చూస్తే అంతా బాగానే కనిపిస్తుంది.

అద్దం దించి, డోర్ ప్యాడ్ విప్పి, మోటర్ కప్లర్, అంటే దాని వైర్లు కలిసే ప్లగ్గు, పీకండి. పీకకుండా ప్లస్ ఇచ్చారో ఫ్యూజ్ పోతుంది, ఎందుకో పైన రాశాను, ఆ వైర్లు ఎర్త్‌లోనే కూర్చుని ఉంటాయి. ఇప్పుడు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టిన రెండు వైర్లు తెచ్చి మోటర్‌కి నేరుగా ఒక్క క్షణం తాకించండి, తర్వాత అటుదిటు మార్చి తాకించండి. గట్టిగా తన్నితే మోటర్ బాగున్నట్టే. నీరసంగా కదిలితే రాడ్ విప్పి మళ్లీ ఇవ్వండి. అప్పుడు తన్నితే లాచ్ బిగుసుకుంది, శుభ్రం చేసి గ్రీజు పెట్టాలి. అప్పుడూ నీరసమే అయితే మోటర్ పోయింది, ఎండాడ గారికి టీ బాకీ.

మోటర్ బాగుంటే కప్లర్‌లో వైర్ల వైపు ఇండికేటర్‌ది 21 వాట్ల బల్బు తగిలించి రిమోట్ నొక్కించండి. ఎల్ఈడీ టెస్టర్ వద్దు. ఒక్క పోగు మిగిలినా ఎల్ఈడీ వెలుగుతుంది, మీటర్ 12 చూపిస్తుంది, మోటర్ మాత్రం తిరగదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. బల్బు కరెంటు లాగుతుంది కాబట్టి దాచదు. నొక్కుతూ రబ్బరు గొట్టాన్ని అటూ ఇటూ వంచండి.

ఇక ఆటో లాక్ సంగతి. కంపెనీ బండ్లలో లాకుల్ని నడిపే ఎలక్ట్రానిక్ బాక్సుకి (బాడీ కంట్రోల్ మాడ్యూల్) వేగం సమాచారం అందుతుంది. చాలావాటిలో గంటకి 20 కిలోమీటర్ల వేగం అటూ ఇటూ దాటగానే లాక్ చేస్తుంది, ఆటోమేటిక్ గేర్ బండ్లలో కొన్ని పార్క్ నుంచి తీయగానే చేస్తాయి. బావగారి బండిది ఆ వేగం పద్ధతే. బయట కిట్‌కి చాలాసార్లు ఆ స్పీడ్ వైరు కలపరు, ఇగ్నిషన్ వైరు ఒక్కటే కలుపుతారు. తాళం ఆన్ అయింది కాబట్టి బండి బయల్దేరిందని అది లెక్కేసుకుని కొన్ని సెకన్లు ఆగి లాక్ చేస్తుంది, కొన్ని కిట్లు బ్రేక్ తొక్కేదాకా చూస్తాయి. రోజంతా ఎక్కి దిగే మీ పనికి అది ఉండకూడదనే నా అభిప్రాయం. బాక్సు మీద చిన్న జంపరో (రెండు పిన్నుల్ని కలిపే క్లిప్పు), రిమోట్‌లో సెట్టింగో ఉంటుంది, తీసేయించండి.

ఆనందపురం లైన్:
తీసేయడం నాకు నచ్చదు. కలెక్షన్ డబ్బులు సీటు మీద పెట్టుకుని సిగ్నల్ దగ్గర ఆగేవాళ్లకి డోర్ లాక్ ఉండాల్సిందే. స్పేర్ తాళం జేబులో వేసుకుంటే సరిపోయేదానికి లాక్ తీసేయడం ఎందుకు?

యాక్సిడెంట్ గురించి చెల్లెమ్మకి ఇలా చెప్పండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండ్లలో చాలావాటిలో అది పేలగానే దాని మాడ్యూల్ నుంచి సంకేతం వెళ్లి డోర్లు అన్‌లాక్ అవుతాయి. మామూలు బయట కిట్‌లో ఆ ఏర్పాటు ఉండదు. కానీ కరెంటు పోయినా నాబ్ చేత్తో పైకి లాగొచ్చు, మోటర్ అడ్డుపడదు. డోర్ రేకు వంగి లాచ్ ఇరుక్కుంటే మాత్రం లాక్ ఉన్నా లేకపోయినా ఒకటే. లోపలి హ్యాండిల్ లాగితే లాక్ తీరి డోర్ కూడా తెరుచుకుంటుందా, నాబ్ విడిగా ఎత్తాలా అన్నది బండిని బట్టి మారుతుంది. ఇంటి ముందు నిలబెట్టి ఒకసారి ఆవిడతోనే లాగించి చూడండి.

హార్బర్ లోడ్:
చూశాను. మోటర్‌కి నేరుగా ఇస్తే ఫట్‌మని తన్నింది. కప్లర్‌లో బల్బు పెడితే మిణుకుమంది, గొట్టం వంచితే ఒకసారి పూర్తిగా ఆరిపోయింది. రబ్బరు వెనక్కి లాగి చూస్తే నీలం వైరు తొడుగు నిగనిగలాడుతోంది, వేలితో నొక్కితే ఒక చోట మెత్తగా లోపలికి పోతోంది. చీల్చితే మూడో నాలుగో పోగులు, అవీ పచ్చగా. ఆకుపచ్చ వైరు కూడా అక్కడే నలిగింది. ఎండాడ గారూ, టీ బాకీ తప్పింది. ఇప్పుడు మెలిపెట్టి టేపు చుట్టేస్తే సరిపోతుందా?

తుప్పు బాధితుడు:
టేపు వద్దు అన్నా, వానాకాలం దాటదు. పచ్చబడిన ముక్క మొత్తం, మెరిసే రాగి కనిపించేదాకా కోసేయండి. మధ్యలో సన్న పోగులు ఎక్కువ ఉన్న మెత్తటి వైరు వేయించండి, గట్టి వైరు వేస్తే అది కూడా అక్కడే విరుగుతుంది. జాయింట్లు గొట్టం లోపల రాకూడదు, ఒకటి డోర్ లోపల, ఇంకోటి పిల్లర్ లోపల. సోల్డర్ పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగాలి. రెండు వైర్ల జాయింట్లూ పక్కపక్కనే పడకుండా కాస్త ఎడంగా వేయించి, డోర్ పూర్తిగా తెరిచినప్పుడు వైరు బిగుసుకోకుండా కొంచెం వదులు ఉంచమనండి. ప్యాడ్ ఎలాగూ విప్పారు కాబట్టి లాచ్‌కి గ్రీజు పెట్టించి, కింద కన్నాల్లో ఒక పుల్ల పెట్టి పొడిచేయండి.